పలక పట్టిన చెయ్యి

సముద్రాన్ని నేనింతవరకూ చూడలేదు. దాని అడుగు మాత్రం మా ఇంటి వాకిలంత బాగా తెలుసు. ఈ మాట ఎవరితోనన్నా అంటే నవ్వుతారు, నెక్కొండ అవతలి పల్లెటూరి పిల్లకు సముద్రం అడుగేమిటని. నవ్వితే నవ్వనీ. వరంగల్ స్టేషన్ రోడ్డులో మందుల దుకాణం పైన, రెండో అంతస్తులో మా ఆఫీసు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడ కూచుని నేను చూసేది అదే.

పని చెప్పుకోవడానికి చిన్నదే. విశాఖ అవతల సముద్రంలో ఒక పడవ తిరుగుతుంటుంది. ఇనుప చట్రానికి కెమెరా బిగించి, అడుగు దాకా దించి, ఒక లైను పట్టుకుని తిన్నగా, మెల్లగా లాక్కుపోతారు. ఆ వీడియో మా దగ్గరికొస్తుంది. దాన్ని బొమ్మలు బొమ్మలుగా ఆపి, ఒక్కో బొమ్మలో ఏముందో మేం గుర్తు పెట్టాలి. ఇసుక, బురద, రాయి, గవ్వలు, స్పాంజి, పగడం, పీత, చేప. మనుషులు పారేసిన వలలూ సీసాలూ ఉంటే వాటికి వేరే గుర్తు. ఏదీ తేలకపోతే 'డౌట్' అని పెట్టాలి. డౌట్ పెట్టిన చోటికి పడవ మళ్లీ వెళ్లి, దగ్గరగా చూసి రావాలి. ఒకసారి పెట్టిన డౌట్ తీసేస్తానంటే కంప్యూటర్ ఊరుకోదు. ఖాయమేనా అని ఒక పెట్టె తెరిచి అడుగుతుంది. అవును అని నొక్కితేనే వదులుతుంది. కొత్తలో దాంతో నాకు రోజూ పోట్లాటే. ఖాయం గాకుంటె నొక్కుతనా అని స్క్రీనును తిట్టేదాన్ని. మా టీం లీడర్ శశాంక్ పక్క కుర్చీలోంచి నవ్వేవాడు.

ఇదంతా దేనికంటే, ఆ అడుగున ఎక్కడ ప్రాణం ఉందో ముందు తెలియాలి. స్పాంజీలు, పగడాలు ఉన్న చోట చేపలు గుడ్లు పెడతాయి, పిల్లలు దాక్కుంటాయి. పెద్ద పడవలు అడుగంటా వల ఈడ్చుకుపోతే అవన్నీ ఒక్క పూటలో ఊడ్చుకుపోతాయి. అలాంటి చోట్లు వెతికి, ఇక్కడ వల వేయనివ్వకండని సర్కారుకు రాసి పంపేది స్నేహలత మేడం. సముద్రం చదువు చదువుకున్నావిడ, ఎప్పుడూ పడవ మీదే ఉంటుంది. ఏప్రిల్ నడుమ నుంచి జూన్ నడుమ దాకా ఆ తీరంలో వేటకు నిషేధం. నీళ్లలో వలలు లేని ఆ కొద్ది రోజుల్లోనే సర్వే మొత్తం అయిపోవాలి.

ఈ ఎండాకాలం ఆ పడవ మీద మా తమ్ముడు మధు ఉన్నాడు.

మా బాపు రాజమల్లు బాయి పని మనిషి. మోటరు నీళ్లలో ఎక్కడ చిక్కుకున్నా, పైపు మూతికి చెత్త పట్టినా చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు ఆయననే పిలిచేవాళ్లు. నడుముకు తాడు కట్టుకుని, ఊపిరి బిగబట్టి, బాయి అడుగు దాకా వెళ్లి బాగుచేసి వచ్చేవాడు. ఆయన మోకాళ్లు పోయాక మధు దిగడం మొదలుపెట్టాడు. బాపు గడ్డ మీద నిలబడి తాడు పట్టుకునేవాడు. ఇప్పుడెక్కడ చూసినా బోర్లే. బాయిలో దిగే పని ఏడాదికి ఒకటీ అరా. వాడు ఊరికే ఫోను నొక్కుకుంటూ అరుగు మీద కూచుంటే మమ్మల్ని కన్న అవ్వ మల్లక్క నోరు ఊరుకునేది కాదు.

మార్చిలో స్నేహలత మేడం మాతో వీడియో కాల్ మాట్లాడుతూ, తాడు పనీ నీళ్ల పనీ తెలిసిన మనిషి ఒకడు కావాలి, దొరకడం లేదన్నది. నేను మధ్యలో దూరి మా తమ్ముడున్నాడని చెప్పాను. ఈత వచ్చా అని ఆమె అడిగితే, బాయిలనే పుట్టిండు మేడం అన్నాను. అందరూ నవ్వారు. నెల తిరక్కముందే వాడు కాజీపేటలో రైలెక్కాడు. నేనే ఎక్కించి వచ్చాను.

ప్రతి వీడియో మొదట్లో కెమెరా ముందు ఒక పలక పడతారు. తెల్ల ప్లాస్టిక్ పలక, బడి పలకంతే ఉంటుంది. ఏ వీడియో ఏ చోటిదో తెలియడానికి దాని మీద తేదీ, లైను నంబరు రాసి ఉంటాయి. ఆ పలక పట్టే పని మధుకు పడింది. మొదటి రోజే ఒక పలకను సముద్రంలో జారవిడిచి తిట్లు తిన్నాడట. మర్నాటి నుంచి దానికి నీలం నైలాన్ తాడు కట్టి, రెండో కొస మణికట్టుకు ముడేసుకున్నాడు. తింటున్నా పంటున్నా తీయడం లేదని పడవ మీద అందరూ వాణ్ని ఆటపట్టించేవాళ్లట.

నేను వీడియో తెరవగానే ఆ చెయ్యి కనబడేది. బొటనవేలి మీద చిన్నప్పుడు కొడవలి తెగిన గాటు, మణికట్టుకు నీలం తాడు. పలక కింది మూలన, నంబరు పక్కన, చిన్నగా 'తి' అని ఉండేది. నా పేరు తిరుమలలో తి. నాకోసం. ఆ అక్షరం ఏమిటని శశాంక్ అడిగితే, ఏదో కోడ్ కావచ్చులే అన్నాను. రోజుకు ఒకసారో రెండుసార్లో నా తమ్ముడు నన్ను పలకరించి పోయేవాడు. ఇంటికెళ్లి చెబితే అవ్వ ముఖం తిప్పుకుని నవ్వుకునేది.

సాయంత్రం ఫోన్ చేసేవాడు. ఉప్పు నీళ్లకు కళ్లు మండుతున్నాయని, సత్తిబాబు అనే పెద్దమనిషి తనను కొడుకులా చూసుకుంటున్నాడని, రోజూ చేపల పులుసేనని చెప్పేవాడు. మే మొదట్లో ఒక రోజు మాత్రం గొంతే మారిపోయింది.

"అక్కా, కింద తోటున్నదే. ఎర్రయి, పసుపుయి. గాలికి ఊగినట్టు ఊగుతానయ్. ఇరువై ఆరో లైను చివర్ల షురువైంది, ఇంకా ముంగటికి మస్తున్నది. దాని మీద వల పడనియ్యద్దని మేడంతోని చెప్పిన."

నువ్వు చెబితే మేడం వింటుందా అన్నాను. ఎందుకినదు అన్నాడు.

ఆ తర్వాతి సోమవారం. పడవ మీద పొద్దున తీసిన వీడియోలు మాకు భోజనాల వేళకు వచ్చేవి. అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చి తెరిచాను. పలక పట్టిన చెయ్యి మధుది కాదు. ముదురు చెయ్యి, లావాటి వేళ్లు, వాటి మీద తెల్లబడుతున్న వెంట్రుకలు. ఇరవై ఏడు అని హడావిడిగా గీకి ఉంది. మూలన తి లేదు. మహారాజు ఇవాళ ముసుగుతన్ని పడుకున్నట్టున్నాడు అనుకున్నాను.

కెమెరా తిన్నగా పోవడం లేదు. ఇటు లాగుతారు, అటు లాగుతారు, పైకెత్తి మళ్లీ దించుతారు. బురద లేచి అడుగంతా మసక. నాకు ఒళ్లు మండింది. ఎవడో కొత్తవాడి చేతికిచ్చి పని పాడుచేస్తున్నారని శశాంక్‌తో గట్టిగానే అన్నాను. పని పనే కదా, చేసుకుంటూ పోయాను. బురద, ఇసుక, ఇసుక, బురద. సగం వీడియో అయ్యేసరికి శశాంక్ ఫోన్ మోగింది. అతను విని, లేచి వచ్చి, నా స్క్రీను ఆపేశాడు.

వాళ్లు వెతుకుతున్నది మా తమ్ముణ్ని. నేను ఇసుక అని గుర్తు పెట్టుకుంటూ కూచున్నాను.

స్నేహలత మేడం దాచకుండా చెప్పింది. కెమెరా చట్రం పది నిలువుల లోతున ఒక పాత వలలో చిక్కుకుంది. వైరు ఊడి వీడియో ఆగిపోయింది, అప్పటిదాకా తీసిందీ దక్కలేదు. వదిలేద్దాం, రేపు సామాన్లున్న ఈతగాళ్లను పిలిపిద్దామని ఆమె ఫోన్ చేయడానికి పడవ ముందు వైపుకు వెళ్లింది. ఇంతదానికి వాళ్లెందుకు, మా బాయిల్లో రోజూ చేసే పనే అంటూ మధు నడుముకు తాడు కట్టుకుని దూకేశాడు. చట్రాన్ని విడిపించాడు, అది పైకి వచ్చింది. వాడు రాలేదు. నడుము తాడు లాగితే తెగిన కొస వచ్చింది. పడవ అప్పటికే నీటివాలుకు చాలా దూరం జరిగిపోయింది. వైరు మళ్లీ బిగించి ఆ కెమెరాతోనే వెతికారు.

నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. పది మంది ఉన్నారు కదా పడవ మీద, ఏం చేస్తున్నారని అరిచాను. నేను అరిచి అరిచి ఆగాక ఆమె, మీ నాన్నగారిని పంపించమ్మా అన్నది.

బాపు వెళ్లాడు. ఒడ్డున కూచున్నాడు. పెద్ద పడవలొచ్చాయి, ఈతగాళ్లు దిగారు, పోలీసులు కాగితాలు రాసుకున్నారు. నీళ్ల మీద ఏమీ తేలలేదు, వాలుకు దూరం కొట్టుకుపోయి ఉంటాడన్నారు. వారం గడిచాక ఆయన తిరిగొచ్చాడు. మోకాళ్లతో ఒంటరిగా రైలెక్కలేడని ఒక మనిషి తోడొచ్చి ఇంటి దాకా దింపాడు. చేతిలో మధు సంచి ఉంది. సంచి పట్టుకున్న ఆ చేతిని చూసి గుర్తుపట్టాను. లావాటి వేళ్లు, తెల్లబడుతున్న వెంట్రుకలు. సత్తిబాబు.

వాకిట్లో మంచం వేశాం. అవ్వ లోపల గోడకు ఆనుకుని కూచుంది. వారం రోజులు సత్తిబాబు పక్కనే ఉండి అడగని మాట బాపు, ఇంటికొచ్చాక, మా బాయి తాడు వేలాడే వాసం కింద కూచుని అడిగాడు.

"తాడు నువ్వే పట్టినవా?"

"నేనేనండి."

"ఎన్నిసార్లు గుంజిండు?"

"రెండుసార్లండి. గట్టిగా."

"రెండు గుంజినంక ఎత్తలేదా మరి?"

సత్తిబాబు బాపు ముఖంలోకి చూశాడు. ఏం అడుగుతున్నారో అతనికి అప్పుడప్పుడే అర్థమవుతోంది.

"రెండు లాగితే తాడు వదలమనండి మా దగ్గర. ఒకటి లాగితే పైకి తీయమని. నేను వదిలానండి. మళ్లీ రెండు లాగాడు. తాడు చాలటం లేదేమోనని ఇంకా వదిలాను."

మా బాయిల్లో ఒక గుంజు గుంజితే వదలమని. రెండు గుంజితే ఎత్తమని. మధు బాయిలో దిగడం నేర్చుకున్న మొదటి రోజు బాపు వాడికి చెప్పిన మొదటి పాఠం అదే. నేనూ గడ్డ మీదే ఉన్నాను. భయమైతే రెండు గుంజు బిడ్డా, నేనున్న అన్నాడు. వాడు ఎత్తమంటున్నాడు, పైవాళ్లు ఇంకా లోతుకు వదులుతున్నారు.

సత్తిబాబు రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అతణ్ని కొట్టాలనిపించింది. ఏమని కొట్టాలి. బాపు లేచి, వాసానికున్న తాడును కిందికి దించి, చిక్కు లేకపోయినా విప్పి మళ్లీ చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టడం అయ్యాక అన్నాడు.

"బువ్వ తినిపో. దూరం పోవాలె నువ్వు."

అవ్వే వడ్డించింది. స్టేషన్‌కు ఆటో ఎక్కేటప్పుడు బాపు అతని భుజం పట్టుకుని, ఇక ముందు ఎవరిని దింపినా ఒకటికి ఏందో రెండుకు ఏందో ముందే అడుగు అన్నాడు. ఆ తర్వాత ఆయన రోజూ బాయి గడ్డ మీదికి పోయి కూచునేవాడు. అన్నానికి పిలిస్తే వచ్చేవాడు.

పదకొండో రోజు దాటింది. మా పెదబాపు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. మనిషి దొరకనప్పుడు గడ్డితో బొమ్మ చేసి కాలబెట్టి, దినాలు చేస్తారట. ఎంతకని ఆగుతారు, పిల్లగాడి ఆత్మ తిరుగుతుంటుందన్నారు. బాపు తల వంచుకున్నాడు. అవ్వ గడప దాటి బయటికి రాలేదు. లోపల్నుంచే, గడ్డిబొమ్మ నా కొడుకు గాదు అన్నది.

నేను మళ్లీ ఆఫీసుకు బయలుదేరిన పొద్దున అవ్వ తల దువ్వుకుని, చెప్పులేసుకుని నా వెనక నడిచింది. ఎక్కడికే అంటే, "నీ కంప్యూటర్‌ల సముద్రం కనబడ్తదంటివి గద. వాడు అండ్లనే ఉన్నడు" అన్నది. ఇద్దరం పుష్‌పుల్ రైలు ఎక్కాం. బయటివాళ్లను లోపలికి రానివ్వకూడదని ఆఫీసులో రూలు. శశాంక్ అవ్వను చూశాడు, తన కుర్చీ తెచ్చి నా పక్కన వేశాడు, తను స్టూలు మీద కూచున్నాడు.

ఆ రోజు నుంచి పడవ పంపే మిగతా లైన్ల వీడియోలన్నీ ఇద్దరం చూశాం. వేట నిషేధం ముగిసే రోజు ముంచుకొస్తోంది. అది ముగిసిన రాత్రే వందల పడవలు బయలుదేరతాయి, వలలు అడుగంటా ఈడుస్తాయి. అంతలోపు వాడు దొరకాలి. వలలో పడి ముక్కలై పైకొచ్చే ఆలోచన వస్తే వీడియో ఆపి మళ్లీ మొదటి నుంచి చూసేదాన్ని. అవ్వకు ఆ సంగతి చెప్పలేదు. ఆమె అడగకుండానే తెలుసుకుంది. నారుమళ్లలో కలుపు చూసినట్టు స్క్రీను ఈ మూల నుంచి ఆ మూలకు చూసేది. కళ్లు ఆర్పేది కాదు.

నేను డౌట్లు పెట్టడం మొదలుపెట్టాను. నల్లగా పొడుగ్గా ఏది కనబడ్డా డౌట్. ఇసుక కాస్త ఉబ్బెత్తుగా ఉంటే డౌట్. పడవ వెళ్లి చూసేది. ఒకచోట చిరిగిన గోనెసంచి. ఒకచోట తుప్పు పట్టిన డ్రమ్ము. మిగతావి రాళ్లు. ప్రతిసారీ ఫోన్ వచ్చేదాకా అవ్వ మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. రాయేనట అని చెబితే, మంచిదే అనేది. ఏది మంచిదో మా ఇద్దరికీ తెలియదు. వాడు దొరకాలి, దొరకకూడదు. రెండూ ఒక్కసారే మొక్కుకునేదాన్ని.

డౌట్ అనే మాట అవ్వకు పట్టుబడింది. పెదబాపు మళ్లీ వచ్చి దినాల సంగతి ఎత్తితే ఈసారి గడప మీద నిలబడి చెప్పింది.

"డౌటున్నది బావా. డౌట్ ఉండంగ నా కొడుకును ఎట్ల కాలవెడ్తరు?"

ఆయన చదువుకున్నవాళ్ల మాట ఏదో అనుకుని వెళ్లిపోయాడు.

జూన్ రెండో వారంలో స్నేహలత మేడం ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టాను. పడవ ఒక్కటే ఉంది, తిరుమలా, అన్నది. రోజులు అయిపోతున్నాయి. ఇరవై ఏడు నుంచి నాలుగు లైన్లు ఇంకా తీయలేదు. అక్కడ పాత వలలున్నాయని ముందు భయపడ్డాం, తర్వాత డౌట్లు చూడటానికే సరిపోయింది. కెమెరా తిరగని చోటును ఖాళీ కిందే లెక్కేస్తారు. ఖాళీ అంటే వలలకు వదిలేయడమే. చివరికి అన్నది.

"మీ డౌట్లు తీసేయమని నేను చెప్పను. చెప్పలేను. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను, అంతే."

"మా తమ్ముని కంటె మీకు గా స్పాంజీలెక్కువైనయా మేడం?"

ఆ తోటను ముందు చూసింది మధేనమ్మా అన్నదామె. నేను ఫోన్ పెట్టేశాను. శశాంక్ ఎదురుగా ఉన్నాడు, అతని మీద కూడా విరుచుకుపడ్డాను. జీతాల కోసం మనుషుల్ని ముంచుతారు మీరందరూ అన్నాను. అతను నా కింద పనిచేసేవాడిలా తల దించుకుని విన్నాడు.

సాయంత్రం రైల్లో అవ్వ కిటికీ పక్కన కూచుంది. నెక్కొండ స్టేషన్‌లో దిగి, చెట్టు కింద ఆటో కోసం నిలబడ్డప్పుడు అడిగింది.

"వాడు చెప్పిన తోట వీళ్లింక చూడలేదా?"

"ఇరువై ఆరు చివర్ల జర చూసిండ్రు. అసలుది చూడలె."

"చూడకుంటె వల పడ్తదా దాని మీద?"

"పడ్తది."

ఆటో వచ్చింది. ఎక్కాం. ఊరి దాకా వచ్చాక, దిగబోతూ అన్నది. "రేపు పోంగనే నీ డౌట్లన్ని తీసెయ్ బిడ్డా. పడవను పని చేసుకోనియ్. వాడు వద్దన్న కాడ వల పడితె నేనోర్వ."

మర్నాడు కూచుని ఒక్కొక్కటే తీశాను. చాలావరకు రాళ్లేనని నాకూ తెలుసు, తెలిసే పెట్టాను. ప్రతిదానికీ పెట్టె తెరుచుకుని ఖాయమేనా అని అడిగింది. అవును. అవును. అవును. నొక్కిన ప్రతిసారీ మధు చెయ్యి వదిలేస్తున్నట్టు ఉంది. అవ్వ పక్కనే ఉంది. ఆమెకు చదువు రాదు, అయినా పెట్టెలో ఏముందో ఆ రోజు అడగలేదు.

ఇరవై ఏడో లైను వీడియో నిషేధం ముగిసే ముందు రోజు వచ్చింది. పలక సత్తిబాబు చేతిలో ఉంది. ఇప్పుడు అతనూ పలక తాడును మణికట్టుకు కట్టుకున్నాడు. కెమెరా దిగింది. మొదట ఇసుక. తర్వాత చిన్న చిన్న రాళ్లు. ఆ తర్వాత అవ్వ చప్పున ముందుకు వంగింది.

తోట. వాడు చెప్పింది ఒక్క ముక్క అబద్ధం కాదు. ఎర్రటి కొమ్మలు విసనకర్రల్లా విచ్చుకుని ఉన్నాయి. పసుపుపచ్చటి స్పాంజీలు నా మోకాలెత్తున. వాటి సందుల్లో చిన్న చేపలు గుంపులుగా తిరుగుతున్నాయి. అన్నీ ఒకేసారి ఇటు ఊగుతాయి, ఒకేసారి అటు ఊగుతాయి. నేను గుర్తులు పెట్టడం మర్చిపోయాను. మధు పోయినప్పటి నుంచి అవ్వ ముఖంలో నేను చూడనిది ఏదో ఆ కాసేపు చూశాను.

"నిజమే చెప్పిండు" అన్నది.

చివర్లో పెద్ద బండ వచ్చింది. బండ మీద పాత వల పరుచుకుని ఉంది, పచ్చగా నాచు పట్టి. వల అంచున, స్పాంజి మొదట్లో, తెల్లగా ఒక మూల కనబడింది. ఆపాను. ఒక్కో బొమ్మ ముందుకు జరిపాను. మూడో బొమ్మలో మొత్తం కనబడింది.

పలక. ఒక అంచు ఇసుకలో కూరుకుపోయి ఉంది. దాని మీద ఇరవై ఏడు. మధు రాత. కింది మూలన తి.

పలక చిల్లులోంచి నీలం తాడు బయలుదేరింది. చుట్టూ ఉన్నవన్నీ నీటివాలుకు ఊగుతున్నాయి, తాడు మాత్రం ఊగడం లేదు. బిగిసి ఉంది. బిగిసే వల కిందికి వెళ్లి, బొమ్మ అంచు దాకా వెళ్లి, అక్కడ బొమ్మ అయిపోయింది. తర్వాతి బొమ్మలో కెమెరా పక్కకు తిరిగిపోయింది.

అలవాటుగా నా చెయ్యి వెళ్లి డౌట్ నొక్కింది. శశాంక్ ఎప్పుడొచ్చి వెనక నిలబడ్డాడో తెలియదు. అతను అప్పటికే ఫోన్‌లో స్నేహలత మేడంకు చోటు చెబుతున్నాడు. పడవ దగ్గర్లోనే ఉందట, అక్కడే ఆగమంటున్నాడు, ఈతగాళ్లను పిలవమంటున్నాడు, వలలు రేపు రాత్రికి గానీ దిగవు అంటున్నాడు. నాకు ఆ మాటలు సగమే వినబడుతున్నాయి.

అవ్వ నా మణికట్టు పట్టుకుంది. ఏడవడం లేదు. స్క్రీను మీద వేలు పెట్టి, పలక దగ్గర మొదలుపెట్టి, ఆ నీలం తాడు పొడుగునా మెల్లగా అంచు దాకా జరిపింది. అక్కడ వేలు కాసేపు ఆగింది.

"అది డౌట్ గాదు బిడ్డా."

తీసేయబోయాను. పెట్టె తెరుచుకుంది. నా చెయ్యి ఆగిపోయింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి అవ్వ అడిగింది.

"ఏమంటాంది?"

"ఖాయమేనా అని అడుగుతాందే."

అవ్వ కొంగు తీసి స్క్రీను మీద తన వేలి మరక తుడిచింది. పలక మూలనున్న ఆ చిన్న అక్షరం మళ్లీ తెల్లగా కనబడింది.

"అవునను" అన్నది.

అవును నొక్కాను.